వెనక గది లెక్క

గ్రిమ్‌షా మంగళవారం పొద్దున్నే దిగాడు. అద్దె తీసుకునే రోజు కాదది. రెండో బిస్కట్ కూడా తిన్నాక గాని వచ్చిన పని బయటపెట్టడని థెల్మాకి తెలుసు. వాళ్ళ నాన్నా అంతే. ఆ పెద్దాయన కాలం నుంచీ థెల్మా, నెవిల్ ఆ ఇంట్లోనే అద్దెకుంటున్నారు. పెద్దాయన పోయాక ఇల్లు కొడుకు చేతికొచ్చింది, బిస్కట్ల అలవాటూ ఇంటితో పాటే వచ్చింది.

“టీ బాగుంది ఆంటీ,” అన్నాడు గ్రిమ్‌షా.

“బాగుంటుందిలే. ఎంత పెంచుతున్నావో చెప్పు.”

అతను కప్పు కింద పెట్టి మెడ గోక్కున్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, అతను చెడ్డవాడు కాదు. ఆ ఇంటిమీద బ్యాంకుకి బాకీ ఉంది, బ్యాంకు వడ్డీ పెంచింది. కింద ముందు గది, వంటగది, పైన రెండు పడకగదులు ఉన్న అలాంటి ఇళ్ళకి కాల్డర్‌షా ఊళ్ళో ఇప్పుడు ఎంత గిరాకీ ఉందో అందరికీ తెలుసు. అతను ఆ అంకె చెప్పాడు. ముందు గదిలో కుర్చీలో కూచున్న నెవిల్ టీవీ గొంతు తగ్గించాడు.

“మీరు కట్టలేరని నాకు తెలుసు ఆంటీ,” అన్నాడు గ్రిమ్‌షా. “అందుకే ముందే ఆలోచించి పెట్టాను. గుర్రప్పందేలు కాసే బెట్టింగ్ షాపు ఉంది చూశారూ, దాని మీద నాకో ఫ్లాట్ ఖాళీ అవుతోంది. ఒక పడకగది. మీకు ఊరి కౌన్సిల్ ఇచ్చే అద్దె సాయంతో అద్దె మొత్తం గడిచిపోతుంది, మీ పెన్షన్ జోలికి పోనక్కర్లేదు. మీ ఇద్దరికీ ఒక గది చాలదా ఏంటి?”

పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా నవ్వాడు. నిజానికి అతని దృష్టిలో అది ఉపకారమే. థెల్మా నవ్వలేదు.

“ఎప్పటిలోగా చెప్పాలి?”

“వచ్చే నెలాఖరు.”

“ఇప్పుడే చెప్తున్నా విను. మేం ఎక్కడికీ పోవట్లేదు.”

“మరి డబ్బు?”

“అది నా తలనొప్పి. బిస్కట్ ఇంకోటి తీసుకో.”

ఈ హౌసింగ్ బెనిఫిట్ సంగతి తెలియనివాళ్ళు, వీళ్ళ అద్దె కౌన్సిలే కట్టేస్తుందట, వీళ్ళకేం అనుకుంటారు. వాళ్ళ మొహం. ప్రైవేటు ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ డబ్బు ఇంటి అద్దెని బట్టి రాదు, ఇంట్లో మనుషుల్ని బట్టి వస్తుంది. మొగుడూ పెళ్ళాం అంటే ఒక పడకగది. ఆ చుట్టుపక్కల ఒక పడకగది ఇంటికి ఇంత అని పైనుంచి ఒక రేటు కట్టి పంపుతారు. ఆ రేటు కట్టిన పెద్దమనిషి కాల్డర్‌షాలో ఇల్లు వెతుక్కున్న పాపాన పోలేదు, అది వేరే సంగతి. నువ్వు రెండు గదుల ఇంట్లో ఉంటే రెండో గది నీ సరదా కింద లెక్క, ఆ సరదాకి నీ పెన్షన్‌లోంచి పెట్టుకోవాలి. థెల్మా ఇన్నాళ్ళూ అలాగే పెట్టుకుంటూ వచ్చింది. కొత్త కోటు మానేసింది, తర్వాత ఆదివారం మాంసం మానేసింది, మొన్న చలికాలం మేడమీద హీటరు మానేసింది. ఇక మానెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

కానీ వెనక గది ఆవిడ సరదా కాదు. థెల్మా అందులో పడుకోబట్టి మూడేళ్ళవుతోంది.

నెవిల్ ఊళ్ళో బస్సు నడిపినవాడు. రిటైరైన కొద్దికాలానికే పార్కిన్సన్స్ పట్టుకుంది. చేతులు వణకడం, అడుగు తడబడటం, గొంతు సన్నబడటం అందరికీ కనిపించాయి. కనిపించనిది ఇంకోటి ఉంది. కలలో మనం ఎంత పరిగెత్తినా మంచమ్మీద కాళ్ళూ చేతులూ కదలవు. ఈ జబ్బు కొందరికి ఆ కట్టు విప్పేస్తుంది. కలలో నెవిల్ ఏం చేస్తే మంచమ్మీదా అదే చేసేవాడు. చేసేదేముంది, బస్సు నడిపేవాడు. ఎదురొచ్చిన లారీని తప్పించడానికి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పేవాడు. ఒక రాత్రి అలా తిప్పినప్పుడు మోచెయ్యి థెల్మా కంటి కింద తగిలి చెంప ఎముక చిట్లింది. అతనికి మెలకువ కూడా రాలేదు.

పొద్దున్నే నల్లగా కమిలిన ఆ కన్ను చూసి నెవిల్ అదిరిపడ్డాడు. తువ్వాళ్ళ బీరువా తలుపు తగిలిందని చెప్పింది థెల్మా. అడిగిన వాళ్ళందరికీ అదే చెప్పింది. వారం తిరక్కుండా, “నీ గురకతో చస్తున్నాను బాబూ,” అని దెప్పి, దిండూ దుప్పటీ తీసుకుని వెనక గదిలోకి మారిపోయింది. నెవిల్ గురక పెట్టడు. జన్మలో పెట్టలేదు. కానీ తన గురక సంగతి తనకేం తెలుస్తుంది? నమ్మాడు, నొచ్చుకున్నాడు, మందుల షాపుకెళ్ళి ముక్కుమీద అంటించుకునే పట్టీలు కొనుక్కొచ్చుకున్నాడు. అప్పటినుంచీ రోజూ పడుకోబోయే ముందు వణికే వేళ్ళతో ఓ పట్టీ ముక్కుకి అంటించుకుంటాడు. అది చూసినప్పుడల్లా థెల్మాకి గుండె పిండేసినట్టుండేది. అయినా నోరు విప్పలేదు. జబ్బు చూడ్డానికొచ్చే నర్సుకి ఒక్కదానికే చెవిన వేసింది. నర్సు మాత్రలు మార్పించింది. కలల జోరు కాస్త తగ్గింది గాని పోలేదు.

ఆ తర్వాత కౌన్సిల్ నుంచి ఓ కుర్రాడు వివరాలు రాసుకోడానికి ఇంటికొచ్చాడు. ఇద్దరూ ఒకే గది వాడతారా అని అడిగాడు. నెవిల్ ఎదురుగానే ఉన్నాడు.

“నలభై తొమ్మిదేళ్ళుగా ఒకే పక్క నాయనా,” అంది థెల్మా తల ఎగరేసి.

ఆ ఊళ్ళో ఆవిడ ఈడు ఆడవాళ్ళు ఎవరైనా అదే మాట అనేవారు. ఇంట్లో రొట్టె లేకపోయినా వీధి గుమ్మం మెట్టు రుద్ది రుద్ది తెల్లగా పెట్టుకున్న తల్లుల కడుపున పుట్టినవాళ్ళు. పడకగది సంగతి కౌన్సిల్ కాగితాల్లోకి ఎక్కించుకుంటారా? నెవిల్ కూడా కిమ్మనలేదు. మొగుడి గురకని ఊరికి చాటుకునే పెళ్ళాం కాదు తనది అని లోపల్లోపల మురిసిపోయాడు కూడా. కుర్రాడు రాసుకుని వెళ్ళిపోయాడు. ఒక గది లెక్క ఖాయమైంది.

ఇప్పుడు బెట్టింగ్ షాపు మీద ఫ్లాట్‌కి మారితే థెల్మా ఎక్కడ పడుకుంటుంది? ఒకటే గది. కిచెన్ పక్కన సోఫా పట్టేంత చోటు కూడా లేదు. అతని పక్కన పడుకుంటే ఈసారి ఏది విరుగుతుందో తెలీదు. పడుకోకపోతే నెవిల్‌ని ఏదో వృద్ధుల హోమ్‌లో చేర్చాలి. మూడో దారి లేదు. అందుకే పోము అంది, పోకుండా ఎలా ఉంటారో మాత్రం ఆ మంగళవారం ఆవిడకే తెలీదు.

బుధవారం బ్యూటీ పార్లర్లో పెన్షనర్లకి జుట్టు సెట్టింగ్ సగం ధర. థెల్మా, మేవిస్ ఎప్పుడూ పక్కపక్కనే కూచుంటారు, తలమీద జుట్టు ఆరబెట్టే వేడిగాలి టోపీలు పెట్టుకుని, ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకుంటూ. మేవిస్ అదే వీధిలో అవతలి చివర ఉంటుంది. మొగుడు స్టాన్ పోయి రెండేళ్ళయింది. నోటికి తాళం లేదు గాని మనసులో కల్మషం కూడా లేదు.

“ఏమే, గ్రిమ్‌షా వచ్చాడట?” అని అరిచింది మేవిస్.

థెల్మా జరిగింది చెప్పింది. ఫ్లాట్ సంగతి చెప్పింది.

“పిచ్చిదానా, మా ఆడపడుచు ఐరిస్‌కి రెండు గదులు లెక్క కట్టారే. వాళ్ళాయనకి ఊపిరితిత్తుల జబ్బు, రాత్రంతా మిషను బుస్సు బుస్సుమంటుంది. జబ్బువల్ల మొగుడూ పెళ్ళాం ఒకే గదిలో పడుకోలేకపోతే రెండు ఇస్తారట. రాత్రిళ్ళు కూడా మనిషి కనిపెట్టుకుని ఉండాలని ఇస్తారు చూడు, ఆ పెద్ద అలవెన్సు వస్తుండాలి. మీ ఆయనకి వస్తోందిగా?”

“వస్తోంది.”

“మరింకేం? ఏడుపెందుకు?”

“ఒకే గదిలో పడుకుంటామని రాయించేశాను.”

“అబద్ధమేగా? మీ మేడమీద రెండు గదుల్లోనూ లైట్లు వెలుగుతాయి, నేను చూడట్లేదా?”

“నిజం చెప్పాలంటే అది ఎందుకో చెప్పాలి మేవిస్.”

మేవిస్ చెయ్యి పైకెత్తి తన టోపీ స్విచ్ ఆపేసింది. తర్వాత వంగి థెల్మాదీ ఆపేసింది. 

“నీ కన్ను నల్లబడిన చలికాలం,” అంది చిన్న గొంతుతో. “బీరువా తలుపు అన్నావు. తలుపు కాదని వీధంతటికీ తెలుసే.”

“ఏం తెలుసు?”

“కొడతాడని. జబ్బుతో చిరాకెక్కి చెయ్యి చేసుకుంటున్నాడని. నువ్వు చెప్పుకోలేక వెనక గదిలో గడియ పెట్టుకుని పడుకుంటున్నావని. మా స్టాన్ పబ్‌లో అతనితో డామినో పలకలాట ఆడటం ఎందుకు మానేశాడనుకున్నావు? ఆడదాన్ని కొట్టేవాడి ఎదురుగా కూచోలేను అన్నాడు. ఆ మాట మీదే పోయాడు.”

పబ్‌లో ఆ బల్ల దగ్గర్నుంచి ఒక్కొక్కరే లేచిపోతుంటే, చేతులు వణికి పలకలు పడేస్తున్నానని వాళ్ళకి విసుగొచ్చింది అనుకున్నాడు నెవిల్. ఒకరోజు డామినోల పెట్టె ఎవరికో ఇచ్చేసి వచ్చి, ఆటంటే మోజు తీరిపోయిందన్నాడు. ఆవిడ అదీ నమ్మింది. అతని పరువు కాపాడుతున్నానని మూడేళ్ళు నోరు కుట్టేసుకుంది. ఆ నోరు కుట్టుకోవడమే అతన్ని ఊళ్ళో పెళ్ళాన్ని కొట్టేవాణ్ణి చేసిపెట్టింది.

“అతను నిద్రలో ఉంటాడే,” అంది. “బస్సు నడుపుతుంటాడు.”

మేవిస్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. థెల్మా చెయ్యి విడిపించుకుని, సగం ఆరిన జుట్టుతోనే లేచి కోటు వేసుకుంది. ఆవిడకి ఇప్పుడు ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉంది, ఆ కోపం సగం వీధిమీద, సగం తనమీద.

“ఎక్కడికే ఆ తలతో?”

“కౌన్సిల్‌కి.”

కౌన్సిల్ ఆఫీసు మార్కెట్ వెనక ఉంది. గాజు అద్దాల వెనక మనుషులు, అద్దం కింద కాగితాలు తోసుకునే సందు, పక్క కిటికీకీ దీనికీ మధ్య ఓ పల్చటి చెక్క. వెనకాల కుర్చీల్లో వరసగా జనం. ఆ జనంలో తమ వీధివాళ్ళు ఇద్దరు ఉండటం థెల్మా చూసింది. వేరే రోజైతే తలనొప్పి అని చెప్పి ఇంటికి పోయేది. ఈరోజు తన నంబరు పిలిచేదాకా కదల్లేదు.

అద్దం వెనక అమ్మాయి పేరు ఫర్జానా. మెడలో కార్డు మీద ఉంది. థెల్మా పేరూ వీధీ చెప్పగానే కంప్యూటర్‌లో వెతికింది.

“ఇద్దరూ ఒకే పడకగది అని ఉందండి ఇక్కడ.”

“అది తప్పు. నేనే తప్పు చెప్పాను. మేం విడిగా పడుకుంటాం.”

“ఎప్పటినుంచి?”

“మూడేళ్ళ నుంచి.”

“ఎందుకో చెప్పగలరా?” అని అడిగి, వెనకాల జనాన్ని చూసి ఫర్జానా గొంతు తగ్గించింది. “కావాలంటే లోపల గదిలో మాట్లాడుకుందాం.”

“వద్దు తల్లీ. ఇక్కడే చెప్తాను.”

చెప్పింది. మామూలు గొంతుతో కాదు, వేడిగాలి టోపీల కింద మాట్లాడే గొంతుతో. నా మొగుడికి పార్కిన్సన్స్. రాత్రి కలలో బస్సు నడుపుతాడు. ఎదురుగా ఏదొచ్చినా తప్పించాలని చూస్తాడు, మూర్ఖుడు, కలలో కూడా ప్రయాణికుల్ని పడెయ్యడు. ఆ తిప్పడంలో మోచెయ్యి నాకు తగులుతుంది. ఓసారి చెంప ఎముక చిట్లింది. మెలకువగా ఉండగా ఆ మనిషి ఈ జన్మలో నామీద గొంతు కూడా ఎత్తలేదు. నర్సుకి తెలుసు, రాసిస్తుంది. చెప్తున్నంతసేపూ వెనకనుంచి ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. పక్క కిటికీలో ఎవరో అడుగుతున్న ప్రశ్న మధ్యలో ఆగిపోయింది.

ఫర్జానా రాసుకోవడం ఆపి, సొరుగులోంచి చిన్న కార్డు ఒకటి తీసి అద్దం కింద సందులోంచి తోసింది. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళు ఫోను చేసే నంబరు అది.

“తప్పుగా అనుకోకండి. అడగాల్సిన బాధ్యత నాది. ఇంట్లో మీకేమీ భయం లేదు కదా?”

థెల్మా ఇన్నాళ్ళూ భయపడింది ఇందుకే. అయినా ఆ పిల్ల కళ్ళలో ఎకసెక్కం లేదు, నిజంగానే అడుగుతోంది.

“అడిగి మంచిపని చేశావు,” అంది కార్డు వెనక్కి తోస్తూ. “ఇది కావలసినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు, వాళ్ళకి దాచు. నాకు కావలసింది రెండో గది. అది ఉంటే ఇంట్లో నాకే భయమూ లేదు. అది లేకపోతే మా ఆయన ఓ చోట, నేనో చోట.”

ఫర్జానా తల ఊపింది. “సరేనండి. నర్సు ఉత్తరం పంపించండి. నేను శుక్రవారం వచ్చి గదులు చూస్తాను. మీ ఆయన్ని కూడా ఒక మాట అడగాలి.”

“ఆయన్ని అడక్కు. ఆయనకి తెలీదు.”

“ఏం తెలీదు?”

“ఏదీ తెలీదు. కన్ను ఎలా కమిలిందో తెలీదు. గురక అనుకుంటున్నాడు.”

“ముందు ఒకటి చెప్పారు, ఇప్పుడింకోటి చెప్తున్నారు. ఆయన నోట వినకుండా నేను రాయలేనండి,” అంది ఫర్జానా మెల్లగా. “మీరే ముందు చెప్పి ఉంచితే నయం.”

వరస దాటి బయటికొస్తుంటే వీధివాళ్ళిద్దరిలో ఒకావిడ లేచి థెల్మాకి తలుపు తీసిపట్టుకుంది. థెల్మా థాంక్స్ చెప్పలేదు. ఊరంతటికీ చెప్పడం ఇప్పుడు తేలిగ్గానే కనిపిస్తోంది, ఒక్క మనిషికి చెప్పడమే ఎలాగో తెలీటం లేదు.

సాయంత్రం చీజూ ఉల్లిపాయా కూరిన రొట్టె వేడిచేసి, నెవిల్ వాటా చిన్న ముక్కలుగా కోస్తూ చెప్పింది. చెయ్యి పనిలో ఉంటే మాట ఆగదని ఆవిడ నమ్మకం. అతను వింటూ ఫోర్కు కింద పెట్టేశాడు. అతనికి మాట కూడబలుక్కోడానికి టైము పడుతుంది. 

“తలుపు కాదా?” అన్నాడు చివరికి.

“కాదు.”

“ఎన్నిసార్లు?”

“లెక్కపెట్టలేదు.”

“పెట్టే ఉంటావు. నాకు తెలీదా నీ సంగతి.”

అతను ముక్కుమీద చెయ్యి వేసుకున్నాడు. 

“మరి ఈ పట్టీలు దేనికి? మూడేళ్ళు గుడ్డిగా నమ్మి అంటించుకున్నానే.”

“గురక లేదు నెవిల్. నీకెప్పుడూ లేదు.”

అతని పెదవి ఓ పక్కకి వంగింది, నవ్వో ఏడుపో ఆవిడకి తెలీలేదు. అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ ఇంకేదీ దాచకూడదని ఆవిడ ఒట్టు పెట్టుకుంది కాబట్టి డామినోల సంగతీ చెప్పేసింది. స్టాన్ ఏమన్నాడో అదీ చెప్పింది.

“స్టాన్ ఆ మాట నమ్మి చచ్చిపోయాడా?” అన్నాడు.

“అవును.”

“నన్ను ఒక్క మాట అడగలేదు. నువ్వూ అడగలేదు. నేను రోగిష్టివాణ్ణే గాని పసివాణ్ణి కాదే. నాకోసం దాచానంటున్నావు. నాకు తెలిసుంటే ఆ రోజే నేనే మంచం మార్చుకునేవాణ్ణి. స్టాన్ ఇంటికెళ్ళి చెప్పేవాణ్ణి. వీధిలో తలెత్తుకుని తిరిగేవాణ్ణి.” ఊపిరి అందక ఆగాడు. “నన్ను ఏదైనా హోమ్‌లో పడెయ్. నీకూ సుఖం.”

“పడెయ్యను. ఊరందరిముందూ నోరు విప్పి వచ్చింది నిన్ను పడెయ్యడానికా?”

“శుక్రవారం ఆ అమ్మాయి వస్తే ఏం చెప్తానో నాకే తెలీదు,” అన్నాడు నెవిల్, ప్లేటు పక్కకి నెట్టేసి.

గురువారమంతా ఆవిడతో మాట్లాడలేదు. పెళ్ళయినప్పటినుంచీ అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. థెల్మా బతిమాలలేదు. అతని కోపం న్యాయమైనదే అని ఆవిడకి తెలుసు. నర్సుకి ఫోన్ చేసి ఉత్తరం పంపించమంది. గ్రిమ్‌షాకి ఫోన్ చేసి, నెలాఖరుదాకా ఫ్లాట్ మాట ఎత్తొద్దని చెప్పింది. రెండు పడకగదులూ ఊడ్చింది గాని ఏదీ సర్దలేదు. ఉన్నది ఉన్నట్టు చూడనీ అనుకుంది.

శుక్రవారం ఫర్జానా వచ్చి బూట్లు విప్పబోతే థెల్మా వద్దంది. పైకి తీసుకెళ్ళి చూపించింది. ముందువైపు పడకగదిలో నెవిల్ మంచానికి రెండు పక్కలా కడ్డీలు, గోడకి ఆనించి దిళ్ళు. పక్కన బల్లా లేదు, దీపమూ లేదు, అందుబాటులో గాజు వస్తువన్నది లేదు. వెనక గదిలో ఇస్త్రీ బల్లకీ సూట్‌కేసులకీ మధ్య ఇరుకు మంచం. మధ్య తలుపులు రెండూ తెరిచే ఉన్నాయి. అతను పడితే వినిపించడానికి అవి ఎప్పుడూ మూయదు. ఫర్జానా అన్నీ రాసుకుని కిందికొచ్చి నెవిల్ ఎదురుగా కూచుంది.

“మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలండి. మీరూ మీ ఆవిడా ఒకే గదిలో పడుకోగలరా?”

నెవిల్ పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. థెల్మా అలవాటుగా నోరు తెరిచింది. అతను వణికే చెయ్యి ఎత్తి ఆపాడు.

“నన్ను అడిగింది,” అన్నాడు.

థెల్మా నోరు మూసుకుంది. ఇతను ఇప్పుడు కోపంలో పడుకోగలం అనేస్తే ఇల్లు పోయినట్టే. 

“పడుకోలేం,” అన్నాడు నెవిల్. “నేను కొడతాను. నిద్రలో బస్సు నడుపుతాను, బ్రేకు తొక్కుతాను. బ్రేకు ఉండాల్సిన చోట మా ఆవిడ కాలుంటుంది. నాకు తెలీదు. మొన్న చెప్తే తెలిసింది. ఆవిడ చెప్పింది నిజం. ముందు చెప్పింది నా పరువు కోసం చెప్పిన అబద్ధం. నా పేరుమీదే రాసుకో.”

ఫర్జానా రాసుకుంది. చాలాసేపే రాసింది.

“నర్సు ఉత్తరం అందింది. అలవెన్సు కాగితం మా దగ్గరే ఉంది. ఇక రెండు గదులు లెక్క కడతానండి,” అంది ఫర్జానా. “మీరు ఆఫీసుకొచ్చిన వారం నుంచి. అంతకుముందుది మాత్రం రాదు.”

“అంతకుముందుది నా పొగరు ఖరీదులే,” అంది థెల్మా. “గ్రిమ్‌షా అడిగినదానికి సరిపోతుందా?”

“కాస్త తక్కువ పడుతుంది.”

“కాస్తయితే ఇన్నాళ్ళూ పెట్టినట్టే పెట్టుకుంటాను. మేం ఇక్కడే ఉంటున్నాం.”

ఫర్జానా కాగితం సంతకానికి నెవిల్ ముందు పెట్టింది. అతను పెన్ను తీసుకోలేదు.

“ఏం రాశావో చదువమ్మాయ్.”

“భర్తకున్న జబ్బువల్ల నిద్రలో భార్యకి దెబ్బలు తగిలే ప్రమాదం ఉంది. అందువల్ల ఇద్దరూ ఒకే పడకగది వాడలేరు.”

“నిజమే. ఇంకో మాట రాయి.”

“చెప్పండి.”

అతనికి మళ్ళీ మాట అందలేదు. ఈసారి థెల్మా సాయం వెళ్ళలేదు. ఏం చెప్తాడో కూడా ఆవిడకి తెలీదు.

“ఆవిడ పక్కన పడుకోవాలని నాకుంది,” అన్నాడు నెవిల్. “రోజూ ఉంటుంది. అదీ రాయి.”

“దానికి ఇందులో చోటు లేదండి.”

“అంచున రాయి. లేకపోతే చదివినవాడు మాకు పడదు అనుకుంటాడు. ఊరు ఇప్పటికే ఏదో అనుకుంది. చాలు.”

ఫర్జానా అతన్నోసారి చూసి, కాగితాన్ని అడ్డంగా తిప్పి, ఖాళీగా ఉన్న అంచులో ఆ మాట పొడుగ్గా రాసింది. దానివల్ల కౌన్సిల్ ఒక్క పెన్నీ ఎక్కువివ్వదు, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. రాసి అతని ముందు పెట్టింది. నెవిల్ కళ్ళజోడు సర్దుకుని అంచున రాసిన మాట మొత్తం చదువుకుని, అప్పుడు కింద మెల్లగా, వంకరటింకరగా సంతకం పెట్టాడు.

కౌన్సిల్‌లో అంతమంది ముందు కంట తడి పెట్టని థెల్మా అప్పుడు ఏడ్చింది. టీ పెట్టే వంకతో వంటగదిలోకి వెళ్ళకుండా, వాళ్ళిద్దరి ఎదురుగానే కూచుని ఏడ్చింది.